చుక్కల గోడ

ఈ మధ్య మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏమండీ, హాల్లో గోడకి ఆ కాగితాలేమిటి?" పక్కవీధి ప్లీడరుగారు అవి ఇల్లు జప్తు నోటీసులేమోనని కంగారుపడి, ఏమీ అడక్కుండానే నా భుజం మీద చెయ్యి వేశారు. పాలవాడు మాత్రం ఇంట్లో ఎవరో పరీక్షకి చదువుతున్నారనుకున్నాడు. వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉండవలసిన చోట ముప్ఫై ఆరు కాగితాలు అంటించి ఉంటే ఎవరికైనా అనుమానం రావడం సహజమే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకని, ఈ వారం గొడుగుల మరమ్మతు గురించి రాస్తానని మీకిచ్చిన మాట తప్పి, ఆ గోడ సంగతే రాస్తున్నాను. గొడుగులు ఎక్కడికీ పోవు. పోతాయనుకోండి, అది వేరే విషయం.

కథ మా మేనకోడలితో మొదలవుతుంది. మా చెల్లెలి కూతురు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అమ్మ "అక్కడ నీ పనేమిటే?" అని అడిగింది. "గోడ చూడడం అమ్మమ్మా" అంది ఆ పిల్ల. మా అమ్మ నొచ్చుకుంది. "ఇంత చదువూ చదివి గోడ చూడ్డమా! మీ తాతయ్య ఏ చదువూ లేకుండానే ఆ పని జన్మంతా చేశాడు" అంది.

రెండేళ్ళ కిందట మా చెల్లెలు కూతురి దగ్గరికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకు వెళ్ళింది. అప్పుడు ఆ గోడ కళ్ళారా చూశాను. ఒక పెద్ద గది, చల్లగా ఉంది, దీపాలు తగ్గించారు. ఒక గోడ పొడుగునా, పలకలు పేర్చినట్టు కంప్యూటరు తెరలు పేర్చారు. తెరకీ తెరకీ మధ్య సన్నటి నల్ల చట్రం, కిటికీ ఊచల్లాగా. అన్నీ కలిసి ఒకే బొమ్మ చూపిస్తున్నాయి. ఏదో నదికి వరద వచ్చినప్పటి పటం. గుమ్మంలో నిలబడి చూస్తే నది పాము మెలికలా కనిపించింది. నాలుగడుగులు ముందుకు వేస్తే ఊళ్ళు కనిపించాయి. ఇంకాస్త ముందుకు పోయి ముక్కు తగిలేంత దగ్గరగా చూస్తే ఇళ్ళ కప్పులు, వీధుల పేర్లు. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. బొమ్మ పెద్దది కాలేదు, చిన్నది కాలేదు. నేనే దగ్గరికి వెళ్ళాను, అంతే.

గదిలో కుర్చీలన్నీ ఒక మూలకి తోసేసి ఉన్నాయి. నలుగురైదుగురు పండితులు ముందుకీ వెనక్కీ నడుస్తున్నారు. ఒకాయన గోడ మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి నన్ను ఢీకొని క్షమాపణ చెప్పుకున్నాడు. పది నిమిషాలయ్యాక నేను సరిగ్గా అలాగే వెళ్ళి ఆయన్ని ఢీకొన్నాను.

ఇందులో వింతేముందని మీకు అనిపించవచ్చు. ధనుర్మాసంలో వీధి వాకిట్లో పెద్ద ముగ్గు వేసే ఇల్లాలిని ఒకసారి గమనించండి. వంగి నాలుగు చుక్కలు కలుపుతుంది. లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం చూస్తుంది. ఎక్కడో ఒక మెలిక తప్పిందని తెలుస్తుంది. మళ్ళీ వచ్చి వంగుతుంది. దగ్గర చూపుకి దూరపు చూపు, దూరపు చూపుకి దగ్గర చూపు సాయం. ఆ ముగ్గునే అరచేతి వెడల్పు పలక కన్నంలోంచి మాత్రమే చూస్తూ వెయ్యమంటే ఎవరు వెయ్యగలరు? మనం ఫోనులో లెక్కలూ పటాలూ చూసేది సరిగ్గా అలాగే.

తెర అన్నది కూడా చుక్కల ముగ్గే. దగ్గరగా భూతద్దం పెట్టి చూస్తే అంతా రంగు చుక్కలే. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. తెర పెద్దదైతే ఎక్కువ కనిపిస్తుందనుకుంటాం. కాదు. ఎక్కువ కనిపించాలంటే చుక్కలు ఎక్కువ ఉండాలి. మన సినిమాహాళ్ళలో మామూలుగా వాడే 2కె రకం డిజిటలు ప్రొజెక్టరు తెర మీద వేసే చుక్కలు సుమారు 22 లక్షలు. తెర యాభై అడుగులుంటే ఒక్కొక్క చుక్కా అంత లావవుతుంది, చుక్కల సంఖ్య మాత్రం పెరగదు. హాల్లో తెర దగ్గరికి వెళ్ళి చూస్తే కథానాయకుడి మొహం తప్ప కొత్త విశేషం ఏమీ కనిపించదు. ఆ గోడ సంగతి అలా కాదు. ఒక్కొక్క తెరలోనే 40 లక్షల చుక్కలు పట్టేవి ఉంటాయి. ఒక్కొక్క చుక్క మిల్లీమీటరులో నాలుగో వంతు. మంచి చూపున్న కంటికి మూడడుగుల దూరం దాటితే ఆ చుక్కలు విడిగా కనిపించవు, కలిసిపోతాయి. దగ్గరికి వెళితే విడివిడిగా తేలతాయి. అంటే అక్కడ సన్నంగా, పెద్దగా చూపించే మీట మన కాళ్ళే.

ఇలాంటి గోడలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. షికాగోలోని ఇలినాయి విశ్వవిద్యాలయం వారు 1992 లోనే 'కేవ్' అనే గది కట్టి చూపించారు. అంటే గుహ. చుట్టూ గోడల మీద బొమ్మ పడుతుంటే మనిషి మధ్యలో నిలబడతాడు. వారే 2012 లో 72 తెరలు గుండ్రంగా నిలబెట్టి రెండో గుహ కట్టారు. కాలిఫోర్నియాలో నాసా వారి ఏమ్స్ కేంద్రం 2008 లో 128 తెరలతో 23 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ నిలబెట్టింది. అదే సంవత్సరం ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 75 తెరలు పేర్చారు. దాని పేరు స్టాలియన్, అంటే మగ గుర్రం. ఆ గుర్రానికి అప్పట్లో 30 కోట్ల 70 లక్షల చుక్కలు. 2012 లో న్యూయార్కు రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం వారు 416 తెరలతో ఒక గది నాలుగు గోడలూ కప్పేశారు. నూట యాభై కోట్ల చుక్కలు! మన దేశ జనాభాలో తలకొక చుక్క చొప్పున పంచిపెట్టవచ్చు.

ఇన్ని చుక్కల్ని ఒక్క కంప్యూటరు మొయ్యలేదట. అందుకని బొమ్మని ముక్కలు చేసి, ఒక్కొక్క కంప్యూటరుకి రెండో మూడో తెరలు అప్పజెప్పి, అందరి మీదా ఒక పెద్ద కంప్యూటరుని పెడతారు. భజన గోష్ఠిలో తాళం వేసే ఆయన ఒకరుంటారు చూశారూ, అలాగ. ఒక్కరు తాళం తప్పినా గోడ మధ్యలో నది విరిగిపోతుంది.

తెరల మధ్య ఆ నల్ల చట్రాలు అడ్డం కావా అని అడిగాను. మొదట చికాకుగానే ఉంటుందట. తరవాత్తరవాత వాటినే గడుల్లా వాడుకుని, ఈ గడిలో ఈ కాగితాలు, ఆ గడిలో ఆ కాగితాలు అని సర్దుకుంటారట. మనవాళ్ళు అలమారు అరల్లో సర్దుకున్నట్టే.

ఈ గోడల వల్ల నిజంగా లాభం ఉందా, లేక డబ్బున్న వాళ్ళ సరదాయా అన్నది కూడా వాళ్ళు పరీక్ష చేసి చూశారు. వర్జీనియా టెక్ అనే విశ్వవిద్యాలయంలో క్రిస్ నార్త్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యులు 2007 లో ఒక సంగతి ప్రకటించారు. తెర వెడల్పు పెరిగినకొద్దీ మనుషులు మీటలు నొక్కడం తగ్గించి నడవడం ఎక్కువ చేస్తారు, నడిచినకొద్దీ పని త్వరగా తెములుతుంది. 2010 లో వాళ్ళే మరొకటి చూశారు. చాలా కాగితాలు చదివి అందులోంచి కుట్ర ఏమిటో పట్టుకోవలసిన పని ఒకటి కొందరికి ఇచ్చి, ఎనిమిది తెరల గోడ ముందు కూర్చోబెట్టారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు కాగితాల్ని కుప్పలు కుప్పలుగా పెట్టుకున్నారు. అనుమానం ఉన్నవి ఒక మూల, తేలిపోయినవి ఒక మూల. "ఆ పై మూల కాగితంలో ఉంది" అని చోటు చెబుతున్నారు తప్ప కాగితం పేరు చెప్పడం లేదు. చోటే జ్ఞాపకం.

మా మేనకోడలు ఇది ఎంతో గొప్పగా చెబుతుంటే నాకు మా వంటింట్లో పోపులడబ్బా గుర్తుకొచ్చింది. మా ఆవిడ ఎప్పుడైనా ఆవాల గిన్నె కేసి చూసి ఆవాలు తీసిందా? చూపు మూకుడు మీద ఉంటుంది, చెయ్యి దానంతట అదే పోతుంది. ఒకసారి నేను పోపులడబ్బా కడిగి, గిన్నెలు అటూ ఇటూ మార్చి పెట్టాను. ఆ పూట పప్పులో ఏం పడిందో ఇప్పుడు రాయను.

ఇంగ్లండులో లీడ్సు నగరంలో డాక్టర్లు ఇంకో పనికి వాడారు. పుండులోంచి తీసిన మాంసపు ముక్కని గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినితో చూసి, అది మంచిదో చెడ్డదో చెబుతారు కదా. ఆ గాజుపలకని ఫొటో తీస్తే ఒక్కొక్కటీ వందల కోట్ల చుక్కల బొమ్మ. మామూలు కంప్యూటరు తెర మీద దాన్ని వెతకడం అంటే తాళంచెవి కన్నంలోంచి తిరనాళ్ళు చూడడమే. గోడంత తెర మీద వేసి చూస్తే సూక్ష్మదర్శినితో పట్టినంత సేపులోనే తేల్చగలిగారని 2009 లో ప్రకటించారు. అంతకన్న తొందరగా కాదు సుమండీ, అంత సేపులోనే. యంత్రం వచ్చిందంటే పాత పరికరం ఓడిపోవలసిందేనని మనం అనుకుంటాం. చాలాసార్లు దానితో సమానంగా నిలబడడానికే యంత్రానికి తాతలు దిగివస్తారు.

మన హైదరాబాదులోనూ ఇటువంటి గది ఒకటి ఉంది. 2004 డిసెంబరు 26 న సునామీ వచ్చి మన కోస్తా పల్లెకారుల గుడిసెల్లో దూరినప్పుడు, ముందుగా చెప్పే ఏర్పాటు మనకి లేదు. ఆ తరవాత, 2007 అక్టోబరులో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలయింది. అక్కడ గోడంతా తెరలు. భూకంపం ఎక్కడ, ఎంత అన్నది ఒక చోట. రేవుల్లో నీటిమట్టం ఒక చోట. నడిసముద్రంలో అడుగున పెట్టిన పరికరాలు చెప్పే ఒత్తిడి ఒక చోట. భూకంపం పెద్దదైనంత మాత్రాన సునామీ రాదు. నీరు నిజంగా కదిలిందా అన్నది పక్కనే చూడాలి. ఒకదాని తరవాత ఒకటి తిరగేస్తూ కూర్చునే వ్యవధి అక్కడ ఉండదు.

అలాగని గోడలన్నీ పనికి వస్తున్నాయనుకోకండి. ఒక కార్యాలయంలో (పేరెందుకు లెండి) ఇలాంటి తెరల గోడ చూశాను. ప్రారంభోత్సవం ఫొటో చట్రం కట్టించి పక్కనే తగిలించారు. గోడ మీద నలభై వీధుల బొమ్మలు నలభై గడుల్లో కదులుతున్నాయి. చూడవలసిన కుర్రవాడు చూడడం లేదు. తన ఫోనులో క్రికెట్టు చూస్తున్నాడు. నలభై బొమ్మలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. దేని పక్కన దేన్ని పెట్టాలో తెలిసిన మనిషి ఉండాలి.

ఇక నా సంగతి. నేను రైల్వేలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కంట్రోలు ఆఫీసులో. మా రోజుల్లో ముందు బల్ల మీద దుప్పటంత కాగితం పరిచేవారు. అడ్డంగా గంటలూ నిమిషాలూ, నిలువుగా స్టేషన్లు: గన్నవరం, నూజివీడు, ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు. ఒక్కొక్క స్టేషను మాష్టరు ఫోనులో బండి దాటిన వేళ చెబుతుంటే, బండి రకాన్ని బట్టి రంగు పెన్సిలుతో గీత గీసుకుంటూ పోవాలి. నిటారుగా ఉన్న గీత మెయిలు. వాలుగా పడుకున్నట్టుంటే గూడ్సు. అడ్డంగా సాగితే బండి ఎక్కడో నిలిచిపోయిందన్నమాట. ఈ పద్ధతి ఫ్రాన్సులో పుట్టిందట. పారిసు, లియాను మధ్య బండ్ల గీతల్ని మారే అనే శాస్త్రవేత్త 1885 లో తన పుస్తకంలో అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆ గీతలు కంప్యూటరే గీస్తుంది.

ఆ చార్టు గొప్పతనం ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక బండి ఒక్కొక్క స్టేషనుకి ఒకటి రెండు నిమిషాలు ఆలస్యంగా పోతోందనుకోండి. ఏ స్టేషను మాష్టరుకీ అనుమానం రాదు. రెండు నిమిషాలు ఒక లెక్కా? "రైట్ టైం" అనే చెబుతారు. ఒక్కొక్కరి మాటా నిజమే. కాని కంట్రోలరు కాగితం మీద ఆరు స్టేషన్ల గీత కలిపేసరికి, రోజూ ఉండే వాలుకన్న కాస్త వంగి కనిపిస్తుంది. ఇంజనులోనో, ఇరుసులోనో ఏదో ఉంది. ముందు స్టేషనులో ఆపి చూడమంటాం. అలా ఆపించిన బండ్లు నా చేతి మీద నాలుగైదు ఉన్నాయి. ఈ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం పోయిన ధనుర్మాసంలో దిగింది.

మా మేనకోడలు సెలవు మీద వచ్చింది. మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ చలికాలం అంతా ఆవిడ కాస్త మందకొడిగా ఉంది. అన్నం సయించడం లేదంది. సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయి. వయసు మీద పడిందిలే అనుకున్నాం. మా మేనకోడలు "అమ్మమ్మ రిపోర్టులు ఏవీ మావయ్యా?" అని అడిగింది. ఫైలు తెచ్చి ఇచ్చాను. 2019 నుంచి ఒక్క కాగితం పోకుండా దాచాను. అంతే కాదు, అన్నీ ఫోనులో ఫొటోలు కూడా తీసి పెట్టాను. అవి వేలితో తోసుకుంటూ ఆ పిల్ల అరగంట సేపు చూసింది.

"ఒక్కొక్కటీ చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి మావయ్యా" అంది.

"మరింకేం?"

"అదే నాకు నచ్చడం లేదు. తొమ్మిదోది చూసేసరికి మూడోదాంట్లో ఏముందో మరిచిపోతున్నాను."

టీవీలో వేసి చూడమన్నాను. మాది యాభై అయిదు అంగుళాల టీవీ, కొన్ననాడు వీధంతా వచ్చి చూశారు. ఆ పిల్ల నవ్వింది. "మీ టీవీ మొత్తానికి చుక్కలు ఇరవై లక్షల చిల్లర. ఒక్క కాగితం మీద శుభ్రంగా అచ్చు వేస్తే ఎన్ని చుక్కలు పడతాయో తెలుసా? ఎనభై ఏడు లక్షలు. టీవీలో ఒక్క కాగితం కూడా పూర్తిగా పట్టదు." అని, గోడ కేసి చూసి, క్యాలెండరు తీసేసింది.

ఆ సాయంత్రం సెల్లోటేపు రెండు చుట్టలు అయిపోయాయి. ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు, 2019 మొదలుకుని 2024 దాకా. పై వరుసల్లో రక్తపరీక్షలు. నడుమ డాక్టర్ల చీటీలు. కింది వరుసల్లో మందులకొట్టు బిల్లులు, తెల్లకాగితాల మీద అంటించి. కిందటేడే సున్నం తీసి రంగు వేయించిన గోడ అది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఆవిడ విషయంలో ఏమిటో నాకు తెలుసు.

"ఆరు ఆర్లు ముప్ఫై ఆరు. ముప్ఫై ఒక్క కోటి చుక్కలు" అని లెక్కకట్టింది మా మేనకోడలు. "టెక్సస్ వాళ్ళు మొదట్లో కట్టిన గుర్రం కన్న మన గోడే పెద్దది మావయ్యా!"

"మరి అంత ఖర్చు పెట్టి ఆ తెరలు ఎందుకే, కాగితాలు అంటించుకోక?" అన్నాను.

"ఈ కాగితాలు మారవుగా. తుఫాను గంటగంటకీ మారుతుంది. ప్రతి గంటకీ ఎవరు అంటిస్తారు?" అంది. అదీ నిజమే.

తరవాత మేమిద్దరం ఆ గోడ ముందు నడిచాం. దగ్గరికి, దూరానికి. మా అమ్మ మంచం మీద కూర్చుని, "మీకేమైనా గాలి సోకిందా?" అంది. మా మేనకోడలు ఎర్ర పెన్సిలు తీసుకుని రక్తపరీక్షల వరుసలో ఒకే పేరున్న పంక్తిని ప్రతి కాగితం మీదా సున్న చుడుతూ పోయింది. క్రియాటినిన్. కండరాల్లో పుట్టే వ్యర్థం అది, మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. అవి వెనకబడితే రక్తంలో నిలవ ఉంటుంది. మా అమ్మకి 2019 లో 0.8. మర్నాడు ఏడు అదే 0.8. తరవాత 0.9. తరవాత 1.0. ఆపైన 1.1. కిందటి పరీక్షలో 1.2. పక్కనే అచ్చులో ఉంది, 1.2 దాకా మామూలే అని. ఏ కాగితం మీదా హెచ్చరిక నక్షత్రం లేదు. ఏ డాక్టరు చూసినా ఆ పూటకి ఆ కాగితమే చూశాడు, బాగానే ఉందన్నాడు. అందరూ "రైట్ టైం" అన్నారు.

నేను గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాను. ఎర్ర సున్నలు మెట్లెక్కుతున్నాయి. ఆ వాలు నాకు చూడగానే తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళు చూసిన వాలే. ఇరుసు వేడెక్కిన బండి.

"ఎక్కడ మొదలయింది?" అంది ఆ పిల్ల, తనలో తను అనుకుంటున్నట్టు. చూపు 2020 దగ్గర నిలువుగా కిందికి దింపింది. రక్తపరీక్ష, దాని కింద డాక్టరు చీటీ, దాని కింద మందులకొట్టు బిల్లు. జూన్ నెల బిల్లులో ఒక కొత్త పేరు ఉంది. అక్కడి నుంచి కుడివైపు ప్రతి బిల్లులోనూ అది ఉంది. పైన డాక్టర్ల చీటీల వరుసలో మాత్రం ఎక్కడా లేదు.

మోకాళ్ళ నొప్పుల మాత్ర. 2020 వేసవిలో అంతా ఇళ్ళల్లో తలుపులు వేసుకు కూర్చున్న రోజులు. ఆస్పత్రికి వెళ్ళడానికి భయం. అమ్మ నొప్పులతో రాత్రుళ్ళు మూలుగుతుంటే, కొట్టుకి వెళ్ళి, మోకాళ్ళకి ఏదైనా ఇమ్మని అడిగి తెచ్చాను. ఆవిడకి హాయిగా నిద్ర పట్టింది. "ఎంత చల్లని మందు తెచ్చావురా!" అని నన్ను దీవించింది. అక్కడి నుంచి నెలనెలా తెస్తూనే ఉన్నాను. డాక్టరు ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే, చీటీలో ఉన్నవి చెప్పాను గాని ఇది మందని నాకు తోచనే లేదు. నాలుగున్నర ఏళ్ళు.

మా మేనకోడలు ఒక్క మాట కూడా అనలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గోడని ఆస్పత్రికి మొయ్యలేం గనక, ఆరు అంకెలూ, బిల్లుల తేదీలూ ఒకే కాగితం మీద చార్టులా గీసుకుని పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. పడుచు మనిషికి 1.2 ఫరవాలేదట. డెబ్భై ఎనిమిదేళ్ళ సన్నపాటి మనిషికి ఒంట్లో కండే తక్కువ గనక ఆ వ్యర్థం పుట్టడమే తక్కువ, అయినా 1.2 ఉందంటే మూత్రపిండాలు ఇంచుమించు సగం బలంతోనే పనిచేస్తున్నట్టట. ఆ జాతి నొప్పి మాత్రలు డాక్టరు చెప్పి, కొన్నాళ్ళు వాడితే ఒక రకం, ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి మింగితే ఒక రకం. ఆ మాత్ర ఒక్కటే కారణమని ఇప్పుడు ఎవరూ ఒట్టు పెట్టి చెప్పలేరు, వయసూ ఉంది, రక్తపుపోటూ ఉంది, కాని ముందు అది మానాలి అన్నారు. మాన్పించాం.

మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే 1.1 వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. పోయిన బలం పూర్తిగా తిరిగి రాదండీ, ఇక జారకుండా చూసుకోవాలి అన్నారు డాక్టరుగారు. పాదాల పొంగు తగ్గింది. అన్నం కాస్త తింటోంది. మోకాళ్ళ నొప్పులు మాత్రం తిరిగి వచ్చాయి. రాత్రి కాపడం పెడుతుంటే "ఆ చల్లని మందు తెచ్చిపెట్టరా" అని అడుగుతుంది. ఎందుకు తేవడం లేదో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కదు. కొడుకు పిసినారితనం అనుకుంటోంది. పక్కింటావిడతో అలాగే చెప్పింది కూడా.

కాగితాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. కుడివైపు ఏడో వరుస మొదలుపెట్టాను. క్యాలెండరు వంటింట్లోకి మారింది. మా ఆవిడ మొదట్లో విసుక్కున్నా, ఇప్పుడు తన షుగరు రిపోర్టులు కూడా తెచ్చి కింద అంటించుకుంటోంది.

మా మేనకోడలు అమెరికా తిరిగి వెళ్ళాక ప్రతి ఆదివారం పొద్దున్న ఫోను చేస్తుంది. "గోడ చూపించు మావయ్యా" అంటుంది. ఫోను ఎత్తి పట్టుకుంటాను. అంత చదువూ చదివిన పిల్లకి ఆ బొటనవేలంత తెరలో ఏమీ కనిపించదు. "దగ్గరికి వెళ్ళు" అంటుంది, వెళతాను. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఆగు. ఇప్పుడు వెనక్కి రా. ఇంకా వెనక్కి" అంటుంది. వెనక్కి నడుస్తాను. మొన్న ఆదివారం అలా నడుస్తూ మా అమ్మ మంచం కోడు తగిలి కూలబడ్డాను. "మోకాలికి తగిలిందట్రా?" అంది మా అమ్మ, ఎంతో ఆశగా. "ఆ మాత్ర ఒకటి తెచ్చుకో. నాకూ ఒకటి ఇద్దువు గాని."